పిండికట్టూ ఉసిరి పత్యమూ

కిందటి నెల మా డిపోలో ఒక డ్రైవరుకు నడుం నొప్పి, కాళ్ళ తిమ్మిరి అని ఖమ్మం తీస్కపోతే, వెన్నుపూసలో టీబీ అని తేల్చిండ్రు. రెండు రోజుల తర్వాత ఆయన భార్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేను కూచునే బస్‌పాసుల కిటికీ ముందర నిలబడి, "అన్నా, నీకు గూడ ఇదే వచ్చిందట గదా. ఉసిరికాయ లేహ్యం తిని నయం చేసుకున్నవని అందరు అంటున్నరు. అదెట్ల చెయ్యాల్నో చెప్పు, రాసుకుంట" అన్నది. చేతిలో కాయితం, పెన్ను ఉన్నయి.

నా గురించి ఇట్లాంటి కథ తిరుగుతున్నదని అప్పటిదాకా నాకు తెలియదు. అది కిటికీలోంచి చెప్పే ముచ్చట కాదు. లోపలికి పిలిచి కూచోబెట్టి చెప్పిన. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్న. ఆమె ముందర చెప్పలేక మింగినవి గూడ కలిపి రాస్తున్న.

వానకాలం

ఇది చాలా ఏండ్ల కిందటి మాట. అప్పుడు నేను కండక్టరును. కొత్తగూడెం నుంచి భద్రాచలం, ములకలపల్లి రూట్లల్ల తిరిగేటోణ్ణి. ముప్పై రెండేండ్ల వయసు. నడుం నొప్పి లేని కండక్టరు ఉంటడా అని మాలో మేమే నవ్వుకునేటోళ్ళం. కాబట్టి నొప్పి మొదలైనప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. సరోజ, నా భార్య, నువ్వుల నూనె కాచి రుద్దేది. సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడేది. ఎండదెబ్బ అనుకున్న, బయట వానలు పడుతుంటే గూడ. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకు కొత్త బొక్క పొడిపించుకున్న.

ఒకరోజు పాల్వంచలో బస్సు దిగుతుంటే కుడికాలు మెట్టు మీద ఆనలేదు. పడబోయి కడ్డీ పట్టుకున్న. బస్సు కదిలినంక ఒక ముసలమ్మ వెనక సీట్లోంచి నా చెప్పు తెచ్చిచ్చి, "ఇది నీదే గదా బిడ్డా" అన్నది. కాలి నుంచి చెప్పు ఊడిపోయిన సంగతి నా కాలికి తెలియలేదు. ఆ రోజు మొదటిసారి భయమేసింది.

ఖమ్మం దవాఖానాలో వరండా బల్ల మీద పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా కూచున్నం. కూచోవడమే పెద్ద శిక్ష అప్పుడు. సరోజ ఎక్స్‌రే కవరును వాన తడవకుండ కొంగు కింద పెట్టుకొని, ప్రతి పేరుకూ లేచి నిలబడుతున్నది. పక్కన ఒకామె, చెయ్యి విరిగిన మొగుణ్ణి తీస్కొచ్చింది, నా వాలకం చూసి తన సంచిలోని దుప్పటి తీసి మడత పెట్టి నా నడుం వెనక దోపింది. ఏ ఊరు, ఎవరు అని అడగలేదు. వాళ్ళ పేరు ముందు పిలిచిండ్రు. ఆమె దుప్పటి అడగకుండ పోయి, పని అయినంక వచ్చి తీసుకున్నది.

"టీబీ అంటే దగ్గు గద సార్. నాకు దగ్గే లేదు" అన్న డాక్టరుతోని.

"అది ఊపిరితిత్తులకే రావాలని లేదు. నీకు రెండు పూసలను తినేసింది" అన్నడాయన, ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి. "ఇంకా తింటే కాళ్ళు పోతయి. ఏడాది పైన మందులు. కట్టు వేస్త. నేను చెప్పేదాకా లేవొద్దు, కూచోవద్దు."

"ఎన్ని రోజులు సార్?" అని సరోజ అడిగింది.

"రోజులు కాదమ్మా, నెలలు."

చంకల నుంచి తొంటి దాకా పిండికట్టు వేసిండ్రు. వేసేటప్పుడు వెచ్చగా, మెత్తగా ఉండె. ఆరినంక అది నాది కాని ఒళ్ళు అయింది. ఊపిరి నిండా పీల్చబోతే మధ్యలో ఆపేది.

మాది కొత్తగూడెంలో మేడమీద ఒక్క గది కిరాయి ఇల్లు. సరోజ ప్రైవేటు బళ్ళో టీచరు. మా అమ్మానాయిన ఎప్పుడో పోయిండ్రు. నన్ను పొద్దంతా చూసేవాళ్ళు లేరు. "మా అమ్మ దగ్గర పెడుత" అన్నది సరోజ. వద్దందామనుకున్న. వద్దంటే పోవడానికి ఇంకో చోటు లేదు.

చలికాలం

అత్తగారి ఊరు ములకలపల్లికి అవతల, అడవి అంచున. నడిమింట్లో పాత తలుపు చెక్క ఒకటి రెండు బల్లల మీద పరిచి నన్ను పడుకోబెట్టిండ్రు. పైన పెంకులు, ఒక దూలం, దూలానికి వేలాడే ఉట్టి. అదే నా లోకం. మెడ తిప్పితే ఒక పక్క గోడ, ఇంకో పక్క వంటింటి తలుపు.

మా దిక్కు అత్త అల్లుడి ముందర కూచోదు, ఎదురుపడి మాట్లాడదు. పెళ్ళైన ఎనిమిదేండ్లల్ల వీరమ్మ అత్తమ్మ నాతోని నేరుగా పది మాటలు మాట్లాడి ఉండదు. ఏదన్న చెప్పాలంటే తలుపు చాటు నుంచి సరోజకు చెప్పేది, 'అల్లుడు అన్నం తింటడేమో అడుగు బిడ్డా' అని. ఇప్పుడు సరోజ లేదు. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి ఆదివారం సాయంత్రం పోతది. మిగతా రోజులు అత్తమ్మ తలుపు చాటున నిలబడి గోడకు చెప్పేది.

"అల్లుడికి ఆకలైతున్నదో ఏందో."

"లేదు" అని నేను పెంకులకు జవాబు చెప్పేటోణ్ణి.

నాకు ఒళ్ళు తుడిచేది, దొడ్డికి కింద పెట్టిన పళ్ళెం తీసేది ఆమె మరిది, చినమామ. పొద్దుగాల ఒకసారి, పొద్దుమూకంగ ఒకసారి వచ్చేటోడు. వరి కోతలప్పుడు ఒకరోజు రాలేదు. ఎదురు చూసి చూసి, నేను ఆపుకోలేకపోయిన. వాసన వంటింట్లకు పోయి ఉంటది. అత్తమ్మ బకెట్ల నీళ్ళు, పాత పంచె తీస్కొని లోపలికి వచ్చింది. మొఖం గోడవైపు పెట్టుకొని, చేతులతోనే తడుముకుంటూ మొత్తం శుభ్రం చేసింది. నేను కండ్లు మూసుకొని ఏడ్చిన. ఏడుద్దామన్నా కట్టు పక్కటెముకలను కదలనియ్యదు. ఆమె బకెట్ ఎత్తుకొని తలుపు దాటినంక అన్నది, "పసిపిల్లలకు చెయ్యమా. ఇదీ అంతే."

రోజూ సూది వెయ్యడానికి యాకూబ్ సాబ్ వచ్చేటోడు. ములకలపల్లిలో కాంపౌండరు పని చేసి రిటైరయిన మనిషి. సైకిలు గోడకు ఆనిచ్చి, సూది ఉడికేదాకా నాకు బస్సుల సంగతులు చెప్పేటోడు. ఏ బస్సు ఎక్కడ ఆగిపోయింది, ఎవరి డ్యూటీ ఎవరు చేస్తున్నరు. అడగకుండానే చెప్పేటోడు. నాకు ఏది కావాల్నో ఆయనకు తెలుసు.

గోళీలతోటే వచ్చింది చిక్కు. ఎర్ర గొట్టం మాత్ర ఒకటి, తెల్లవి కొన్ని. వేసుకున్న గంటకు కడుపుల తిప్పేది. అన్నం వాసన పడేది కాదు. పడుకొనే కక్కితే గొంతుకు అడ్డం పడి రెండుసార్లు ఊపిరి ఆగినంత పనైంది. తినడం మానేసిన. యాకూబ్ సాబ్ నా ముంజేయి పట్టుకొని చూసి, వంటింటి వైపు తిరిగి చెప్పిండు.

"వీరమ్మా, గోళీలు ఖమ్మం నుంచి వస్తయి. ఆకలి ఖమ్మం నుంచి రాదు. అది నువ్వే చూడాలె."

తెల్లారి అడవి ఉసిరికాయలు ఒక గంపెడు వచ్చినయి. గూడెం నుంచి సమ్మక్క అనే కోయ ఆమె తెచ్చింది. ఊళ్ళ పెరిగే కాయల కన్న చిన్నవి, కొరికితే పండ్లు జివ్వుమంటయి. అత్తమ్మ తండ్రి చుట్టుపక్కల ఊళ్ళకు పసరు వైద్యం చేసేటోడు. ఏ ఒంటికి ఏ కూర, ఏ జబ్బుకు ఏ పత్యం అని ఆయన చెప్పినవన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఆయన పుస్తకం ఏమీ రాయలేదు. అదంతా ఆమె వంటే.

మొదట పెట్టింది పెరుగు పచ్చడి. కాయల్ని పసుపు నీళ్ళల్ల ఉడికించి, గింజ తీసి, జీలకర్ర, రెండు పచ్చిమిరపకాయలు వేసి రోట్లె కచ్చాపచ్చాగా నూరేది. కత్తి తగలనిచ్చేది కాదు. ఇనుము తగిలితే నల్లబడి రుచి చెడుతదనేది. చిక్కటి పెరుగుల కలిపి, నెయ్యితోని పోపు పెట్టేది. మొదటి రోజు మెత్తటి అన్నం ముద్దకు అది అద్ది, ఒక చెంచా నా పెదవుల దగ్గర పట్టుకున్నది. నేను నోరు తెరవలేదు. ఆమె చెంచా దించలేదు. చెయ్యి నొప్పి పెడుతున్నదేమో అని చివరికి నేనే నోరు తెరిచిన.

పులుపు నాలుక పక్కలకు పాకింది. నోట్లె నీళ్ళూరినయి. నెల రోజుల నుంచి నా నోట్లె చేదు తప్ప ఏమీ ఊరలేదు. ఆ రోజు నాలుగు ముద్దలు తిన్న, కక్కలేదు.

తర్వాత పెసరపప్పుల ఉసిరి ముక్కలు వచ్చినయి. మిరియాలు, ఎల్లిపాయ దంచి వేసిన ఉసిరి చారు వచ్చింది. ఎండబెట్టిన ముక్కల్ని మజ్జిగల నానబెట్టి ఇచ్చేది. అన్నం తిన్నంక ఒక పచ్చి ముక్క నమలమని, మీద ఒక గుక్క నీళ్ళు పోసేది. ఆ నీళ్ళు తియ్యగా ఉండేవి. పొద్దుగూకినంక మాత్రం ఉసిరి ముట్టనిచ్చేది కాదు, ఆదివారం అసలే కాదు. తండ్రి చెప్పిండట. ఎందుకని అడిగితే, "ఎందుకో ఆయన చెప్పలే, నేను అడగలే" అన్నది గోడతోని.

అన్నిటికన్న చివర లేహ్యం. కాయల గుజ్జు, బెల్లం పాకం, నెయ్యి, పిప్పళ్ళ పొడి. దించినంక చల్లార్చి తేనె కలిపేది. పొద్దుగాల ఉసిరికాయంత ముద్ద. రెండు నెలలల్ల నా చెంపలు కొంచెం నిండినయి. కాలి వేళ్ళు కదిలించగలిగిన. సరోజ ఆదివారం వచ్చి నా పాదాల దగ్గర కూచొని, "ఇంకోసారి కదిలియ్యి" అనేది. నేను కదిలిస్తే, మళ్ళ అడిగేది.

ఎండాకాలం

ఇక్కడ నా తప్పు చెప్పాలె.

సూదులు అయిపోయినయి. యాకూబ్ సాబ్ వారానికి ఒకసారే వస్తున్నడు. గోళీలు అత్తమ్మ తెచ్చి నా అరచేతిల పెట్టి, గ్లాసు నోటికి అందించి, తలుపు చాటుకు పోయేది. "వేసుకున్నడా" అని గోడను అడిగేది. "వేసుకున్న" అనేటోణ్ణి. అల్లుడి మాట నమ్మకుండ నోట్లె చూడడం మర్యాద కాదు ఆమెకు.

ఒకరోజు ఎర్ర గోళీ మింగబుద్ధి కాలేదు. చేతిల పట్టుకొని ఉన్న. ఆరు నెలల నుంచి తిండి, నీళ్ళు, స్నానం, నిద్ర, దొడ్డికి పోవుడు, ఏదీ నా చేతిల లేదు. ఆ గోళీ ఒక్కటి నా చేతిల ఉన్నది. దాన్ని ఛాతీ దగ్గర కట్టుకూ ఒంటికీ మధ్యన ఉన్న సందులకు జారవిడిచిన. కడుపుల తిప్పలేదు. ఆకలి వేసింది. లేహ్యం ఇంకో ముద్ద అడిగి తిన్న. నాకు నయం చేస్తున్నది ఇదే, విషం అది అని అనుకున్న. అనుకోవడం కాదు, నమ్మిన. బాగుపడ్డప్పుడు మనకు ఇష్టమైనదానికే ఆ పేరు ఇచ్చుకుంటం.

అట్ల నలభై రోజులు. సరోజకు చెప్పలేదు. "గోళీలు సరిపోతున్నయా" అని ఆమె సంచిలోంచి కొత్త చీటీ తీస్తుంటే, సరిపోతున్నయన్న.

మే నెల ఎండకు కట్టు లోపల చెమట కారేది, దురద పెట్టేది. సాయంత్రం జ్వరం మళ్ళ మొదలైంది. కుడికాలి బొటనవేలు కదలడం మానేసింది. తర్వాత పాదం. కదలమని చెప్తే, అది ఎవరిదో పాదం అయినట్టు ఊరికే పడి ఉన్నది. నాకు తెలుసు ఎందుకో. అయినా చెప్పలేకపోయిన. అంతకన్న ఇరుకైన చోటు నేను ఎప్పుడూ చూడలేదు. పిండికట్టు లోపల నేను, నా లోపల ఆ అబద్ధం.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ విసనకర్ర తీస్కొని వచ్చి ఆగిపోయింది. కట్టు అంచు, చంక కింద, ఎర్రగా తడిసి ఉన్నది. చెమటకు గోళీలు కరిగి రంగు బయటికి వచ్చింది. ఆమె నెత్తురనుకున్నది. కొంగు తీసి అదుముతూ, మొదటిసారి నా మొఖంలకు చూసి మాట్లాడింది.

"బిడ్డా, ఎక్కడ తెగింది? ఎప్పటి నుంచి కారుతున్నది?"

"నెత్తురు కాదు అత్తమ్మా" అన్న. తర్వాత అంతా చెప్పిన. నీ లేహ్యం ఉంటే చాలనుకున్న అని గూడ చెప్పిన. ఆమె సంతోషపడుతదని ఏ మూలనో అనుకున్ననేమో.

ఆమె ఎర్రబడిన కొంగు చూసుకున్నది.

"నేను మందు వండుతున్ననని ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నది. "నేను కూర వండుతున్న. గోళీ పడాలె, దానికి కడుపుల జాగ కావాలె అని వండుతున్న."

ఆ కొంగును నడుంల దోపుకున్నది.

"మా నాయిన ఊరందరికీ పసరిచ్చిండు. మా అమ్మకు దగ్గు పట్టుకున్నది. అప్పటికే టీబీకి సూదులు వచ్చినయి, ఖమ్మం తీస్కపొమ్మని చెప్పినోళ్ళున్నరు. నా చేతి మందు ఉండగ వేరేవాళ్ళ గడప ఎందుకని ఆయన తీస్కపోలేదు. నేనే నూరి ఇచ్చిన, ఆఖరి రోజు దాకా. అప్పుడు నాకు పద్నాలుగేండ్లు." ఆమె గొంతు మామూలుగనే ఉన్నది. "ఇప్పుడు నిన్ను గూడ నా చేతితోనే చంపుతుంటిని గదా, నువ్వు నాకు చెప్పకపోతివి."

ఆ సాయంత్రమే యాకూబ్ సాబ్‌కు, సరోజకు కబురు పోయింది. సరోజ మర్నాటి మొదటి బస్సుకు వచ్చింది. కోపం వస్తే అరిచే మనిషి, అరవలేదు. నా పాదాన్ని గిల్లి చూసింది, నా మొఖంల ఏమన్న తెలుస్తదేమోనని. "నువ్వు నడవకపోతే నేను ఓర్చుకుంట. ఇంక నాకు అబద్ధం చెప్పకు" అన్నది. జీపు వచ్చేదాకా నా పక్కన కూచున్నది గాని నా చెయ్యి పట్టుకోలేదు.

ఖమ్మంలో కట్టు కోసిండ్రు. లోపల ముద్దయిన గోళీలు, వాటి కింద పుండు పడ్డ చర్మం. డాక్టరు దూదితోని తుడుస్తూ, "ఎన్ని రోజులు?" అన్నడు. చెప్పిన. "సగంల ఆపితే ఈ జబ్బు చావదు, మొండికేస్తది. మళ్ళ మొదటి నుంచి. ఈసారి గూడ కాలు రాకపోతే ఆపరేషన్. దానికి హైదరాబాద్ పోవాలె, మాట ఇయ్యలేను." మళ్ళ సూదులు, మళ్ళ కొత్త కట్టు. కట్టు ఆరుతుంటే నేను గోడ గడియారం చూస్తున్న. మొదటిసారి ఇదెంత కాలమో తెలియక భయపడ్డ. ఈసారి తెలిసి భయపడ్డ.

మళ్ళ వానలు

అదే చెక్క, అవే పెంకులు. మారింది అత్తమ్మ. ఇప్పుడు తలుపు చాటు లేదు. గోళీలు తెచ్చి నా మొఖం మీదికి వంగి నిలబడేది. "మింగు" అనేది. మింగినంక "నోరు తెరువు, నాలుక ఎత్తు" అనేది. ఊళ్ళ ఆడవాళ్ళు చూసి నవ్వుకున్నరట, అత్త అల్లుడి నోట్లె తొంగి చూస్తున్నదని. ఆమె పట్టించుకోలేదు. లేహ్యం కుండ అటక ఎక్కింది. ఎండు ఉసిరి చారు మాత్రం ఉండేది, గోళీలు పడ్డ గంట తర్వాతే. కక్కితే, కడిగి, మళ్ళ వండేది.

నా బుద్ధి మాత్రం రోజూ సరిగ్గా ఉండేది కాదు. కొన్ని రోజులు ఆమె అడుగుల చప్పుడు వింటేనే దవడలు బిగుసుకునేవి. ఎవరినో ఒకరిని తిట్టాలని ఉండేది. తిట్టడానికి అక్కడ ఉన్నది ఆమె ఒక్కతే. ఒకసారి గ్లాసు నెట్టేసిన. ఆమె నేల తుడిచి, ఇంకో గ్లాసు నింపుకొచ్చింది. "మింగు" అన్నది.

ఆగస్టుల వాగు పొంగి బస్సులు ఆగిపోయినయి. నాలుగు రోజుల గోళీలే మిగిలినయి. మూడోనాడు సరోజ బడి మానుకొని ఒడ్డు దాకా వచ్చింది. అటు ఆమె, ఇటు అత్తమ్మ, మధ్యల ఎర్రనీళ్ళు. చినమామ, ఊరివాళ్ళు కొందరు మోకు కట్టి, నీళ్ళు నడుముల్లోతుకు తగ్గినంక గోళీల డబ్బాను ప్లాస్టిక్ కవర్ల చుట్టి, తలమీద పెట్టుకొని దాటించిండ్రు. అత్తమ్మ తడిసి ముద్దయి ఇంటికి వచ్చి, చీర మార్చుకోకుండానే డబ్బా విప్పింది. అవి పొడిగా ఉన్నయి. "సరోజ ఏమన్నది?" అని అడిగిన. "కాలు కదిలిందా అని అరిచి అడిగింది. నీళ్ళ చప్పుడుకు నా జవాబు వినపడ్డదో లేదో" అన్నది.

అప్పటికి కదలలేదు. కదిలింది ఇంకో మూడు వారాలకు. బొటనవేలు ఒక్కటే, ఒక పేనంత. అత్తమ్మను పిలిచి చూపించిన. ఆమె చూసింది. నాకు చెప్పకుండ చినమామను పిలిచి, "నీకు గూడ కనపడుతున్నదా" అని అడిగింది.

మళ్ళ చలికాలం

వెనక్కి చూస్తే అక్కడి నుంచి దారి నిటారుగా పైకి పోయినట్టు అనిపిస్తది గాని, అట్ల పోలేదు. ఒక వారం పాదం లేస్తే ఇంకో వారం లేచేది కాదు. జ్వరం మాత్రం మళ్ళ రాలేదు. కొత్త ఉసిరికాయలు వచ్చే నాటికి డాక్టరు కట్టు తీసి, నడుంకు కట్టుకునే తోలు పటకా ఇచ్చి, రోజుకు పావుగంట కూచోమన్నడు. గోళీలు ఇంకో ఏడాది. ఆపరేషన్ మాట ఎత్తలేదు. నేను గూడ అడగలేదు.

మొదటిసారి కూచోబెట్టినప్పుడు ఇల్లంతా గిర్రున తిరిగింది. మూడోనాటికి గోడకు ఆనుకొని కూచోగలిగిన. ఆ మధ్యాహ్నం చినమామ నన్ను నిలబెట్టిండు, రెండు చంకల కింద చేతులు పెట్టి. కాళ్ళు కొత్త దూడవి లెక్క వణికినయి. వంటింటి తలుపు వైపు ఒక అడుగు వేసి, ఇంకొకటి వేసి, చాలన్న. మళ్ళ కూచోబెట్టి నా ఒళ్ళో పళ్ళెం పెట్టిండ్రు.

పదమూడు నెలల తర్వాత నా అన్నాన్ని నేను పైనుంచి చూసిన. తెల్లటి అన్నం, పక్కన పెరుగు పచ్చడి, దాంట్ల పసుపుపచ్చటి ఉసిరి తునకలు, ఎండు మిరపకాయ ఒకటి. ఇన్నాళ్ళు చెంచాల వచ్చి పోయింది ఇట్ల ఉంటదన్నమాట. వేళ్ళతోని కలిపిన. సగం మెతుకులు ఒళ్ళో పడ్డయి. అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నది, సాయం రాలేదు.

ముద్ద నోట్లె పెట్టుకొని నమిలిన. ఇంకో ముద్ద తిని చెప్పిన.

"అత్తమ్మా, పోపు మాడింది."

అన్నంక నాకే ఆశ్చర్యమైంది. ఆ ఇంట్లె ఒక్కరోజు గూడ నేను తిండికి వంక పెట్టలేదు. కక్కిన గాని వంక పెట్టలేదు. మంచంల పడ్డవాడికి ఆ హక్కు ఉంటదని నాకు తోచలేదు.

అత్తమ్మ వచ్చి నా పళ్ళెంల నుంచి కొంచెం తీసుకొని నోట్లె వేసుకున్నది.

"అవ్, మాడింది" అన్నది. "నువ్వు నిలబడ్డవు గదా. ఇటు చూసుకుంట ఉండిపోయిన."